తాతగారి పాత ఫోటో ఏఐతో బాగుచేయిస్తే ముఖమే మారిపోయింది. దారి ఏమైనా ఉందా?

#1 పాతపెట్టె (విజయనగరం)

అందరికీ నమస్కారం. ఇక్కడ ఫోటోల పని తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారని అడుగుతున్నాను.

మా తాతగారిది ఒక్కటే ఫోటో ఉంది. 1962లో మా ఊళ్లో ఒక స్టూడియోలో తీయించుకున్నది. పోస్టుకార్డు కంటే చిన్నది, బ్లాక్ అండ్ వైట్. ఇన్నేళ్లూ మామ్మ ట్రంకు పెట్టెలో పట్టుచీర మడతలో ఉంది. మధ్యలో మడత పడి, ఎడమ చెంప మీదుగా గడ్డం దాకా తెల్లటి గీత వచ్చింది. కింద మూల తడిసి ఉబ్బింది. వచ్చే నెల ఆయన తద్దినానికి పెద్దది చేయించి గోడకు పెడదామని మా చిన్నాన్నగారబ్బాయి ఫోన్‌లో ఒక యాప్‌లో పెట్టాడు. అర నిమిషంలో వచ్చేసింది. గీత లేదు, మరక లేదు, నిన్న తీసినట్టుంది. ఇంట్లో అందరం మురిసిపోయాం.

మామ్మకు చూపించాం. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. "కుర్రాడు బాగున్నాడు. ఎవరి తాలూకు?" అని అడిగింది.

అప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. తాతగారికి చిన్నప్పుడు అమ్మవారు పోసింది. బుగ్గల మీద, ముక్కు మీద గుంటలు ఉండేవి. ఇందులో ఒక్కటీ లేదు. ఆయన కుడి కన్ను ఎడమదానికంటే కొంచెం చిన్నది, అదీ సమానమైపోయింది. భుజం మీది కండువా అంచు కోటు కాలర్ అయిపోయింది. ఆయన జన్మలో కోటు తొడగలేదు.

నాలుగు యాప్‌లు మార్చి చూశాను. నలుగురు వేరే వేరే మనుషులు వచ్చారు. ముఖం ముట్టుకోకుండా ఆ గీత ఒక్కటీ తీసే మార్గం ఉంటే చెప్పండి.

#2 స్టూడియో_శీను (తెనాలి)

అమ్మా, ముందు ఒక మాట. ఆ యాప్ మీ ఫోటోని బాగుచేయలేదు. మీ ఫోటోని చూసి ఇంకో ఫోటో గీసింది. మా కొట్టుకు నెలకు నలుగురైదుగురు ఇలాంటివి పట్టుకొస్తున్నారు, "దీన్నే పెద్దది చేసి లామినేషన్ చేయండి" అని. అసలు ఫోటో ఉందా అని అడుగుతాను. కొందరు పారేశాం అంటారు. అప్పుడు మాత్రం కడుపులో దేవినట్టు ఉంటుంది.

మీరు యాప్‌లో పెట్టింది స్కాన్ చేసిందా, ఫోన్‌తో తీసిందా?

#3 పాతపెట్టె

ఫోన్‌తో తీసిందేనండీ. అది కూడా వాట్సాప్‌లో మా తమ్ముడికి పంపితే వాడు అక్కడి నుంచి పెట్టాడు.

#4 పిక్సెల్_పంతులు (బెంగళూరు)

అక్కడే సగం పోయింది. వాట్సాప్ మామూలుగా పంపే ఫోటోని బాగా కుదించేస్తుంది. గుంటల నీడలు, చర్మం గరుకు అన్నీ నున్నబడిపోతాయి. ఆ నున్నటి దాని మీద యాప్ తన ఊహ పరుస్తుంది.

నా ఉద్యోగం ఈ ఏఐ మోడల్స్ (యాప్‌ల లోపల పనిచేసే ప్రోగ్రాంలు) మీదే కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెబుతాను. ముఖాలు బాగుచేసే పద్ధతుల్లో బాగా వ్యాపించినవి 2021లో వచ్చిన జీఎఫ్‌పీగాన్, 2022లో వచ్చిన కోడ్‌ఫార్మర్. రెండింటి శిక్షణకూ వాడింది ఎఫ్‌ఎఫ్‌హెచ్‌క్యూ అనే సెట్. జనం ఫోటోలు పెట్టుకునే ఫ్లికర్ సైట్ నుంచి తీసుకున్న 70,000 ముఖాలు. శిక్షణ ఎలా ఇస్తారంటే, శుభ్రంగా ఉన్న ముఖాన్ని కావాలని పాడుచేస్తారు: మసకబారుస్తారు, రవ్వలు చల్లుతారు, కుదిస్తారు. "దీని అసలు రూపం ఏది?" అని మోడల్‌ని అడుగుతారు. లక్షల సార్లు అలా చేశాక దానికి ఒక అలవాటు పడుతుంది. ముఖం మీద చిన్న చిన్న నల్ల మచ్చలు కనిపిస్తే అవి పాడైన గుర్తులు, తీసేయాలి అని.

ఇప్పుడు మీ తాతగారి సంగతి చూడండి. మన దేశంలో మశూచి చివరి కేసు 1975లో. 1980లో ప్రపంచం మొత్తంలో పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఫ్లికర్ మొదలైందే 2004లో. ఆ 70,000 ముఖాల్లో మశూచి గుంటలున్న ముఖం కనిపించడం చాలా అరుదు. ఆ మోడల్‌కి మీ తాతగారి బుగ్గ అంటే ఫిల్ము మీద దుమ్ము.

కన్ను సంగతీ అంతే. ఎక్కువ ముఖాల్లో రెండు కళ్లూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి కాబట్టి అటు లాగేస్తుంది. 2020లో పల్స్ అనే పరిశోధన ప్రోగ్రాం ఒకటి వచ్చింది. దానికి బరాక్ ఒబామా ఫోటోని గళ్లు గళ్లుగా మసకచేసి ఇస్తే తెల్లజాతి మనిషి ముఖం తయారుచేసి ఇచ్చింది. లోకమంతా చూసి గుర్తుపట్టగలిగిన ముఖం కాబట్టి అది బయటపడింది. మీ తాతగారిని గుర్తుపట్టడానికి మీ మామ్మగారు ఒక్కరే ఉన్నారు.

#5 నెల్లూరు_క్లిక్స్

అందరూ తిడుతున్నారు కానీ నాకు మాత్రం చాలా ఉపయోగపడింది. మా నాన్నగారి ఫోటో, పెళ్లినాటిది, పూర్తిగా పసుపు రంగుకు తిరిగిపోయింది. స్టూడియోలో అడిగితే నేను పెట్టుకోలేనంత చెప్పారు. ఒక ఏఐ టూల్‌లో "ముఖం మార్చకు, మరకలు తీసేయ్" అని స్పష్టంగా రాశాను. అద్భుతంగా వచ్చింది. అమ్మ ఏడ్చేసింది. డబ్బులు లేనివాళ్లకు కూడా ఇది అందుబాటులోకి వచ్చిందంటే చిన్న విషయం కాదు. రాయడం రావాలి అంతే.

#6 పిక్సెల్_పంతులు

అన్నా, అమ్మగారు సంతోషించారంటే దాన్ని నేను తక్కువ చేయను. కానీ "ముఖం మార్చకు" అని రాస్తే అది ఆగదు. మాటలతో ఎడిట్ చేసే మోడల్స్ చాలావరకు మీరు చెప్పిన చోటే కత్తిరించి అతికించవు, బొమ్మ మొత్తాన్నీ మళ్లీ తయారుచేస్తాయి. ఉదాహరణకు స్టేబుల్ డిఫ్యూజన్ తొలి రకాల్లో పొడవు వెడల్పులు 512 పిక్సెళ్ల చొప్పున ఉన్న బొమ్మని ముందు 64 గడుల చొప్పున కుదించి, అక్కడ పనిచేసి, మళ్లీ విప్పుతుంది. ఆ కుదించి విప్పడంలోనే చిన్న వివరాలు కొద్దిగా మారిపోతాయి, మీరు ముట్టుకోమని చెప్పని చోట కూడా. అందుకే ఒకే ఫోటోని నాలుగైదుసార్లు వరుసగా ఎడిట్ చేస్తే చివరికి చుట్టం లాంటి మనిషి మిగులుతాడు.

వీలైతే ఒకసారి పాత ఫోటో, కొత్త ఫోటో ఒకే సైజుకు తెచ్చి ఒకదాని మీద ఒకటి పెట్టి మార్చి మార్చి చూడండి. చెవులు, పంటి వరుస, జుట్టు మొదలయ్యే గీత చూడండి.

#7 మూడుముళ్ల_ఫ్రేమ్ (కరీంనగర్)

నేను పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్‌ని. మొన్నటి సీజన్‌లో నాకు జరిగింది చెబుతా, ఎవరికైనా పనికొస్తుంది.

మాంగల్యధారణ ఫ్రేమ్. అబ్బాయి చేతులు మెడ వెనక ముడి వేస్తున్నాయి, అమ్మాయి తల వంచింది, అక్షింతలు గాల్లో ఉన్నాయి. అన్నీ కుదిరాయి. కానీ వెనక వీడియో అతను లైటు పట్టుకుని అడ్డంగా నిలబడ్డాడు. ఏఐతో అతన్ని సెలెక్ట్ చేసి తీసేశాను. శుభ్రంగా పోయాడు. వెనక పూల గోడ చక్కగా నిండింది. ఆల్బమ్‌లో రెండు పేజీల నిండా అదే పెట్టాను.

ప్రూఫ్ చూసిన అమ్మాయి వాళ్లమ్మ వేలు పెట్టి చూపించింది. "రెండో పుస్తె ఏది?" అని. మన దగ్గర పుట్టింటివారిది ఒకటి, అత్తింటివారిది ఒకటి, రెండు పుస్తెలు కదా. నేను సెలెక్ట్ చేసిన గీత పసుపుతాడు మీదికి కొంచెం వచ్చింది. ఏఐ అక్కడ రెండు బిళ్లల్ని కలిపి ఒక లాకెట్‌లా చేసింది. అందంగానే ఉంది, నగల దుకాణం ప్రకటనలో ఉన్నట్టు. ఇంకా చూస్తే గాల్లో ఉన్న అక్షింతలు కొన్ని మాయమయ్యాయి, కొన్ని తెల్ల పూరేకులయ్యాయి. బాసికం దారం సగంలో ఆగిపోయి చర్మంలో కలిసింది.

ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. కానీ పుస్తె కట్టే ఫోటోలో పుస్తె తప్పు పెట్టినవాణ్ని అయ్యాను. అప్పటి నుంచి మనిషి మీద, నగ మీద, తాడు మీద ఏఐ పడనివ్వను. అసలు ఫోటోని కింది పొరగా అలాగే ఉంచి, ఏఐ చేసినదాన్ని మాస్క్‌తో (మిగతా చోట్ల కనబడకుండా కప్పి) వెనక గోడ వరకే తెచ్చుకుంటాను.

ఇంకోటి సైజు. తెర మీద బాగుంటుంది, ప్రింట్‌లో మసక. ఎందుకో పంతులుగారు చెప్పాలి.

#8 పిక్సెల్_పంతులు

లెక్క చూద్దాం. ఫోటోషాప్‌లో జెనరేటివ్ ఫిల్ (సెలెక్ట్ చేసిన జాగాని ఏఐతో నింపేది) 2023 మేలో బీటాగా, అంటే పరీక్ష కోసం, వచ్చినప్పుడు, మీరు ఎంత పెద్ద జాగా సెలెక్ట్ చేసినా అది తయారుచేసేది 1024 పిక్సెళ్ల పొడవు వెడల్పుల్లోనే. పెద్దదైతే సాగదీసి అతికిస్తుంది. మీ ఆల్బమ్ షీట్ 12 బై 36 అంగుళాలు అనుకుంటే, 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున, పొడవు 10,800 పిక్సెళ్లు. 1024 అంటే మూడున్నర అంగుళాలు కూడా రాదు. మిగతా ఫోటో పదునుగా, ఆ ముక్క మెత్తగా కనిపిస్తుంది. తర్వాత తర్వాత మెరుగవుతూ వచ్చింది కానీ, పెద్ద జాగాని ఒకేసారి కాకుండా చిన్న చిన్న ముక్కలుగా నింపడమే ఇప్పటికీ మంచిది. పైన కొద్దిగా గ్రెయిన్ (సన్నటి రవ్వల గరుకు) కలిపితే అతుకు తెలియదు. మీ కెమెరా ఫోటోలో గ్రెయిన్ ఉంటుంది, అది గీసిన దాంట్లో ఉండదు.

#9 మగ్గం_ముచ్చట (భూదాన్ పోచంపల్లి)

ఫోటోగ్రఫీ వాళ్ల మధ్యలోకి చీరల సంగతి తెస్తున్నందుకు ఏమీ అనుకోకండి. పై పోస్టు చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

మేము ఇక్కత్ చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతాం. మోడల్‌తో షూట్ చేయించే స్తోమత లేక, చీర ఫోటో ఇచ్చి అమ్మాయి కట్టుకున్నట్టు తయారుచేసే టూల్ వాడాం. మొదటి వారం ఆర్డర్లు పెరిగాయి. రెండో వారం నుంచి వాపసులు మొదలు. "ఫోటోలో ఉన్న చీర ఇది కాదు" అని.

నిజమే, కాదు. ఇక్కత్‌లో నూలునే ముందు కట్లు కట్టి రంగుల్లో ముంచుతారు, ఆ తర్వాతే మగ్గం ఎక్కిస్తారు. అందుకని ప్రతి బొమ్మ అంచూ ఒక్క పోగు అటూ ఇటూ జరిగి, ఈకలా చెదిరినట్టు ఉంటుంది. చేత్తో నేసిందని తెలిసేది అక్కడే. కొనేవాళ్లలో తెలిసినవారు మొదట చూసేదీ అదే. ఏఐ ఆ అంచుల్ని కత్తితో కోసినట్టు సరిచేసింది. దాంతో చేనేత చీర కాస్తా ప్రింట్ చీరలా కనిపించింది. కుచ్చిళ్ల దగ్గర డిజైన్ మడతతో పాటు వంగాలి కదా, అక్కడ కొత్త పువ్వులు కల్పించింది. కొంగు రంగు మరీ ఘోరం. మేము వేసింది కుంకుమ ఎరుపు, అది చూపించింది టమాటా ఎరుపు.

2025 సెప్టెంబరులో అందరూ తమ ఫోటోలకు ఏఐతో చీరలు కట్టించుకుని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారు గుర్తుందా? చూడ్డానికి ముచ్చటగానే ఉన్నాయి. కానీ "అలాంటిదే కావాలి" అని మాకు స్క్రీన్‌షాట్లు పంపారు. ఆ చీర ఏ మగ్గం మీదా లేదమ్మా అని ఎంతమందికి చెప్పను? మా మామయ్య ఒక్కో చీర కట్లు కట్టడానికే రోజుల తరబడి కూర్చుంటాడు. ఆ చెదిరిన అంచుని తప్పు అనుకుని దిద్దేసే యంత్రం చేతికి ఆయన పని ఇచ్చానే అని బాధ వేసింది.

ఇప్పుడు ఎండ నేరుగా పడని వరండాలో, తెల్ల గోడ ముందు మా వదిన కట్టుకుంటే ఫోన్‌తో తీస్తున్నాం. వాపసులు తగ్గాయి.

#10 డల్లాస్_రాజు

పాత ఫోటోలు కాదు గానీ ఇదీ ముఖం సంగతే కాబట్టి చెబుతున్నా. అమ్మానాన్నల వీసా ఫోటోలు దయచేసి ఏఐతో "క్లీన్" చేయకండి. అమెరికా వీసా ఫోటోలో రూపు మారేలా డిజిటల్‌గా ఏ దిద్దుబాటూ చేయకూడదని ఆ దేశ విదేశాంగ శాఖ సైట్‌లోనే రాసి ఉంది. తెల్ల గోడ ముందు, కళ్లజోడు తీసేసి, మామూలు వెలుతురులో తీసింది చాలు.

#11 అక్షరం_సైన్స్ (రాజమండ్రి)

ముఖాలకే కాదు, అక్షరాలకూ ఇదే గతి. ఒకాయన తన తండ్రి కిరాణా కొట్టు ఫోటో తెచ్చారు. పైన చేత్తో రాసిన బోర్డు, మసగ్గా ఉన్నా చదవగలం. ఏఐతో పెద్దది చేసి తెచ్చిన కాపీలో బోర్డు మెరుస్తోంది కానీ ఒక్క అక్షరం తెలుగు కాదు. "శ్రీ" ఉన్న చోట ముగ్గులాంటిది ఉంది. ఒత్తులు పైకి వెళ్లాయి, దీర్ఘాలు ఎటో పోయాయి. దానికి అక్షరం తెలియదు, వంపు తెలుసు. బోర్డు ముక్క మాత్రం అసలు స్కాన్ నుంచి తెచ్చి మళ్లీ అతికించాను. మసకగానే ఉంది, కానీ వాళ్ల నాన్న పేరు వాళ్ల నాన్న పేరులా ఉంది.

#12 కొల్లేటి_కొంగ (ఏలూరు)

నాకొక సందేహం. పాత రోజుల్లో స్టూడియోల్లో కూడా టచింగ్ చేసేవారు కదా? మొటిమలు తీసేవారు, రంగు తేల్చేవారు. మరి అప్పుడు లేని బాధ ఇప్పుడెందుకు?

#13 స్టూడియో_శీను

మంచి ప్రశ్న. మా నాన్న ముప్పై ఏళ్లు అదే పని చేశారు. వాలుగా ఉండే చిన్న బల్ల, మధ్యలో అద్దం, కింద నుంచి వెలుతురు. నెగటివ్ మీద పెన్సిల్ పట్టడానికి పల్చగా వార్నిష్ రాసేవారు. పెన్సిల్ ములికిని సూదిలా అరగదీసి, భూతద్దంలో చూస్తూ చుక్క చుక్కగా పెట్టేవారు. నెగటివ్‌లో నల్లబడిన చోటు ప్రింట్‌లో తెల్లబడుతుంది, గుంట నీడ తేలికవుతుంది. ఒక్క ముఖానికి గంట పట్టేది.

తేడా ఏమిటంటే, ఆ మనిషి ఎదురుగా కూర్చుని వెళ్లినవాడు. ఎంత తగ్గించాలో ఆయనో వాళ్ల ఇంటివాళ్లో చెప్పేవారు. నాన్న నీడ తగ్గించేవారు, కన్ను మార్చేవారు కాదు. కొత్త కన్ను గీయమంటే గీయలేరు కూడా. ఆయన పెన్సిల్‌కి ఆ శక్తి లేదు. దీనికి ఉంది, పైగా ఎవరినీ అడగదు.

పాతపెట్టెగారూ, మీ పని నేను చేస్తాను. ఫోటో పోస్టులో పంపొద్దు, ఒక్కటే కాపీ అంటున్నారు. దగ్గర్లో ఫ్లాట్‌బెడ్ స్కానర్ ఉన్న చోట 1200 డీపీఐలో, టిఫ్ ఫైలుగా, ఆటో కరెక్షన్ అన్నీ ఆపేసి స్కాన్ చేయించి ఆ ఫైలు పంపండి. ఉబ్బిన మూలని అద్దం మీద గట్టిగా నొక్కనివ్వకండి.

#14 పాతపెట్టె

పంపానండీ. చాలా చాలా కృతజ్ఞతలు. స్కాన్ తెర మీద పెద్దది చేసి చూస్తే ఒక్కో గుంటా కనిపిస్తోంది. ఫోన్ ఫోటోలో ఇవేవీ లేవు.

#15 నెల్లూరు_క్లిక్స్

పంతులుగారు చెప్పినట్టు ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాను. మా నాన్నకు చిన్నప్పుడు చెవులు కుట్టించారు, ఎర్రరాయి పోగు ఉండేది. కొత్త దాంట్లో చెవి తమ్మె బోసిగా ఉంది. అమ్మకు చెప్పలేదు ఇంకా. పాతది పారేయలేదు, అదొక్కటే ధైర్యం. స్కాన్ చేయిస్తాను. పసుపు రంగు మాత్రం తీయడానికి ఏం చేయాలో చెప్పండి.

#16 పిక్సెల్_పంతులు

దానికి ఏఐ అవసరమే లేదన్నా. స్కాన్‌ని బ్లాక్ అండ్ వైట్‌కి మార్చి, లెవెల్స్‌లో నలుపు, తెలుపు కొసలు సరిచేస్తే పసుపు పోతుంది. ఉచితంగా దొరికే గింప్ అనే ఫోటో ప్రోగ్రాంలో కూడా అవుతుంది. పది నిమిషాల పని, పైసా ఖర్చు లేదు.

#17 స్టూడియో_శీను

పాతపెట్టెగారి ఫోటో అయింది. ఏం చేశానో రాస్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

వెనక తెరకు, కింద తడిసిన మూలకు ఏఐనే వాడాను. అక్కడ ఉన్నది స్టూడియో తెర మీద వేసిన మెట్లు, కుండీ. చిన్న తేడా వచ్చినా మనిషి మారడు. అరగంటలో అయిపోయింది. చేత్తో అయితే ఒక పూట పట్టేది.

ముఖం మీద గీత మాత్రం పూర్తిగా క్లోన్ స్టాంపుతో (ఫోటోలో ఒక చోటిని కాపీ చేసి ఇంకో చోట అతికించే పనిముట్టు), 300 శాతం పెద్దది చేసుకుని, గీతకు పక్కనే ఉన్న చర్మం నుంచే తీసుకుంటూ పూడ్చాను. మీసం ఎడమ కొస దగ్గర కాగితం మీది పొరే లేచిపోయింది. అక్కడ ఏముందో ఫోటోలో లేదు. కుడివైపు మీసం తిప్పి పెడదామా అనుకున్నాను, ఆయన ముఖం రెండు వైపులా ఒకలా లేదు కాబట్టి మానేశాను. నీడ వరకే నింపి వదిలేశాను.

ఒక సంగతి అడగాలి. నుదుటి మీద బాగా పెద్దది చేసి చూస్తే సన్నటి చుక్కల వరస ఉంది. అది నెగటివ్ టచింగ్. ఆ రోజుల్లోనే ఆ స్టూడియో ఆయన నుదురు సరిచేశాడు, బుగ్గలు వదిలేశాడు. మామ్మగారికి ఏమైనా గుర్తుందేమో అడుగుతారా?

#18 పాతపెట్టె

శీనుగారూ, ప్రింట్ వచ్చింది. 8 బై 10 అంగుళాలు చాలన్నారు కదా, సరిగ్గా అదే బాగుంది.

మామ్మకు ఏమీ చెప్పకుండా చేతిలో పెట్టాను. ఈసారి కళ్లజోడు అడగలేదు. కొంగుతో అద్దం తుడిచి, బుగ్గ మీద వేలు పెట్టి, "ఇక్కడ సబ్బు నురగ ఆగిపోయేది, తుడుచుకోమంటే కోపం" అంది. నుదుటి సంగతి అడిగాను. "నుదుటి మీదా ఉండేవి. ఫోటో ఇంటికి తెచ్చినప్పుడే అన్నాను, నుదురు మీది కాదు అని" అంది. అరవై ఏళ్ల కిందటి మాట. అవి మళ్లీ పెట్టించనా మామ్మా అంటే వద్దంది. ఆ స్టూడియో ఆయన చేసింది అలాగే ఉండనీ అంది.

మీసం కొస మీరు వదిలేసిన చోటు ఎవరూ గమనించలేదు. నేను తప్ప.

ఇంకొక ఫోటో ఉందండీ. మా పెద్దత్త పెళ్లిది, పందిట్లో యాభై మంది దాకా ఉన్నారు. ముఖాలు మినపగింజల్లా ఉన్నాయి. అందులో కొందరు ఎవరో మామ్మ ఒక్కతే చెప్పగలదు. దాన్ని ఏం చేయమంటారు?

#19 స్టూడియో_శీను

దాన్ని ఏఐలో అస్సలు పెట్టకండి. అంత చిన్న ముఖాల్లో అది యాభై మంది కొత్త చుట్టాల్ని పుట్టిస్తుంది. ముందు 1200లో స్కాన్ చేయించండి. ఒక మామూలు ప్రింట్ తీసి, మామ్మగారి పక్కన కూర్చుని ఒక్కో ముఖానికి నంబరు వేసి పేర్లు రాయండి. ఆ పని ఈ వారమే చేయండి. బాగుచేయడం ఎప్పుడైనా చేసుకోవచ్చు.

ఫోటో వెనక వైపు కూడా స్కాన్ చేయడం మరిచిపోకండి. స్టూడియో ముద్ర, తేదీ అక్కడే ఉంటాయి.